ఉపకేంద్రాల నుంచి వచ్చే స్టెత్ రికార్డింగులు: వినే వైపు పని (ప్రాజెక్టు డైరీ)

పరిధి

కొండ మండలాల ఉపకేంద్రాల్లో ఏఎన్ఎం చేతికి ఒక డిజిటల్ స్టెత్, ఒక ఆండ్రాయిడ్ ఫోను. పట్నంలోని హబ్ ఆసుపత్రిలో ఒక జనరల్ మెడిసిన్ డాక్టరు. అక్కడ గుండె, ఊపిరితిత్తుల చప్పుళ్లు రికార్డు చేసి పంపితే ఇక్కడ విని రిపోర్టు రాయాలి. ఈ డైరీ ఆ వినే పని గురించే. అవతలి వైపు సంగతి వినడానికి అవసరమైనంత వరకే ఉంటుంది.

వీడియో కాల్ మీద లైవ్‌గా వినే పద్ధతిని పక్కన పెట్టేశాం. కాల్ సాఫ్ట్‌వేర్‌కి కావలసింది మనిషి మాట. లబ్‌డబ్ దానికి ఫ్యాను చప్పుడుతో సమానం. నాయిస్ సప్రెషన్ దాన్ని అణిచేస్తుంది, ఆటో గెయిన్ (శబ్దం ఎత్తుని తనంతట తానే సర్దే ఏర్పాటు) మిగిలినదాన్ని ఎగదోస్తుంది, నెట్ తడబడితే మధ్యలో ముక్కలు పోతాయి. ఒక బీట్ వినబడకపోతే దాన్ని మింగింది నెట్టో గుండో చెప్పలేం. అందుకని అక్కడ రికార్డు చెయ్యడం, ఫైలు పంపడం, ఇక్కడ తీరిగ్గా వినడం అనే పద్ధతే ఖాయం చేశాం.

ఫైలు దారి

ఫార్మాటు: వేవ్, 16 బిట్, మోనో, సెకనుకు 4,000 శాంపిళ్లు. దీంతో 2,000 హెర్ట్జ్ దాకా అందుతుంది. గుండెకి అది కావలసినదాని కంటే ఎక్కువే: ఎస్3, ఎస్4 (లబ్ అనే ఎస్1, డబ్ అనే ఎస్2 కాక వచ్చే అదనపు చప్పుళ్లు), మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమ గదుల మధ్య కవాటం ఇరుకవడం) వల్ల వచ్చే రంబుల్ అనే గరగర అన్నీ 100 హెర్ట్జ్‌కి అటూఇటూ కిందనే ఉంటాయి, అయోర్టిక్ రిగర్జిటేషన్ (అయోర్టా కవాటం నుంచి రక్తం వెనక్కి కారడం) లాంటి సన్నటి మర్మర్లు (రక్తం సుడులు తిరిగే చప్పుళ్లు) కొన్ని వందల హెర్ట్జ్‌ల్లో పలుకుతాయి. పిల్లికూతలకీ క్రెప్స్‌కీ (ఊపిరితిత్తుల చిటపటలకీ) కూడా ఇది సరిపోతుంది.

15 సెకన్ల ఫైలు ఒక్కోటి 120 కేబీ. గుండెకి ఏడు, వీపు వైపు ఊపిరితిత్తులకి ఆరు, మొత్తం 13 ఫైళ్లు కలిపి ఒకటిన్నర ఎంబీ. సెకనుకు 5 కేబీ మాత్రమే దొరికే చోట కూడా ఐదు నిమిషాల పైచిలుకులో వచ్చేస్తాయి. అవే 44,100 శాంపిళ్ల మీద పెడితే ఒక్కోటి 1.3 ఎంబీ, మొత్తం 17 ఎంబీ, అదే నెట్ మీద దగ్గర దగ్గర గంట. పరికరం యాప్‌లో ఎక్కువ నాణ్యత అని ఉన్నది నొక్కితే వినేవాళ్లకి కొత్తగా ఒరిగేది లేదు, పంపేవాళ్లకి మాత్రం గంట పోతుంది.

చాట్ యాప్‌లో వాయిస్ నోట్‌గా వచ్చిన ఫైలుని తీసుకోం. అది మాట కోసం నలగగొట్టిన ఆడియో. కింది ఫ్రీక్వెన్సీలు పోతే తిరిగి రావు. ఫోను మైకుని ఛాతీకి ఆనించి తీసినదీ అంతే. ఫైలుని డాక్యుమెంటుగా జతచేసి పంపాలి. సైజు తగ్గించాలంటే ఫ్లాక్ వాడొచ్చు, అందులో సమాచారం పోదు. ఎంపీ3 వద్దు.

ఇంకో మెలిక పరికరంలోనే ఉంది. చాలా డిజిటల్ స్టెత్‌లలో బెల్ (తక్కువ శ్రుతికి), డయాఫ్రమ్ (ఎక్కువ శ్రుతికి), వైడ్ (అన్నిటికీ) అని ఫిల్టరు మోడ్‌లు ఉంటాయి. కొన్నింటిలో ఆ ఫిల్టరు చెవికి వినిపించే దానికే, కొన్నింటిలో ఫైలులోకి కూడా దిగుతుంది. రెండో రకం పరికరంలో డయాఫ్రమ్ మోడ్‌లో తీసిన ఏపెక్స్ (గుండె కొన) రికార్డింగులో రంబుల్ ఎంత వెతికినా దొరకదు, ఫైలులోకి రానే లేదు కాబట్టి. ఎప్పుడూ వైడ్‌లోనే తీయించాలి. బెల్, డయాఫ్రమ్ తేడా కావాలంటే వినేటప్పుడు ఇక్కడ ఫిల్టరు వేసుకోవచ్చు.

ఫైలు పేరులో రోగి పేరు ఉండకూడదు. నమోదు సంఖ్య, తేదీ, స్థానం కోడు, భంగిమ ఉంటే చాలు. ఫైలు లోపల కూడా పేరు వినబడకూడదు. ఛాతీ మీది మైకు పక్కవాళ్ల మాటలు బాగానే పట్టుకుంటుంది. రికార్డు నడుస్తుండగా "మీ ఆయన పేరేంటమ్మా" అని అడిగితే ఆ జవాబు ఆరోగ్య రికార్డులో శాశ్వతంగా కూర్చుంటుంది. అలాంటిది దొరికితే ఆ ముక్క కత్తిరించాకే భద్రపరచాలి.

హెడ్‌ఫోన్లు

ల్యాప్‌టాప్ స్పీకరు మీద గుండె వినకూడదు. ఎందుకో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష: ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో 40, 60, 100, 200 హెర్ట్జ్ సైన్ టోన్లు ఒకే ఎత్తున, ఒక్కోటి ఐదేసి సెకన్లు తయారుచేసి ప్లే చెయ్యాలి. మామూలు ల్యాప్‌టాప్ స్పీకరు మీద మొదటి రెండూ దాదాపు మాయం, మూడోది పీలగా, నాలుగోదే స్పష్టంగా వస్తుంది. ఎస్3 బతికేదంతా ఆ మాయమైన చోటే. కొత్త సెట్టు ఏది వాడబోయినా ముందు ఈ నాలుగు టోన్లూ వినాలి. 40 వినబడని సెట్టు మీద గుండె రిపోర్టు రాయొద్దు.

వైరుతో వచ్చే, చెవిని పూర్తిగా కప్పే క్లోజ్డ్ రకం హెడ్‌ఫోన్లు పెట్టాం. బ్లూటూత్ వద్దనడానికి రెండు కారణాలు. మైకు ఉన్న బ్లూటూత్ హెడ్‌సెట్ కాల్ మోడ్‌లోకి జారిందంటే టెలిఫోను నాణ్యతకి పడిపోతుంది. పాటల మోడ్‌లో శబ్దం బాగానే ఉన్నా ఒకటో రెండో వందల మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఎస్1 నుంచి ఎస్2 దాకా ఉండేదే 300 మిల్లీసెకన్లు. తెర మీద కర్సరు ఎస్2 దాటుతుంటే చెవిలో సిస్టోల్ (గుండె ముడుచుకునే దశ) మధ్యలో ఉంటాం. మర్మర్ ఎక్కడ పడుతోందో కంటితో సరిచూసుకునేవాళ్లకి ఇది నిలువునా ముంచే తేడా.

విండోస్‌లో సౌండ్ సెట్టింగుల కింద ఉండే ఎన్‌హాన్స్‌మెంట్లు, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అన్నీ ఆపెయ్యాలి. అప్‌డేట్ తర్వాత అవి మళ్లీ ఆన్ అయ్యే అవకాశం ఉంది, ఓ కన్నేసి ఉంచాలి.

రికార్డింగు కార్డు

ఉపకేంద్రం గోడకి అంటించే ఒక పేజీ కార్డు. దీని తాజా రూపం:

ఫ్యాను ఆపాలి. ఫోను ఛార్జరు తీసెయ్యాలి. ఛార్జింగులో ఉండగా తీస్తే 50 హెర్ట్జ్ కరెంటు హమ్, దాని రెట్టింపులు సరిగ్గా గుండె చప్పుళ్ల మీదే వచ్చి కూర్చుంటాయి. ఇక్కడ నాచ్ ఫిల్టరుతో (ఒక్క ఫ్రీక్వెన్సీని తొలగించేది) తీసెయ్యబోతే దాంతోపాటే ఎస్1లో కొంత పోతుంది. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే ఆన్ చెయ్యాలి. 2జీ సిగ్నలే దిక్కయిన ఊళ్లలో ఫోను టవరుతో మాట్లాడిన ప్రతిసారీ 217 హెర్ట్జ్ బర్రుమోత రికార్డింగులో పడుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే పటం) 217, 434, 651 దగ్గర సమానదూరంలో గీతలు కనబడితే అది జబ్బు కాదు, టవరు.

బట్ట మీద పెట్టొద్దు. రొమ్ము మీద వెంట్రుకలుంటే తడిగుడ్డతో తుడిచి గట్టిగా ఆనించాలి. చెస్ట్ పీస్ మీద వేళ్లు కదపకూడదు.

గుండెకి: కుడి రెండో సందు (పక్కటెముకల మధ్య చోటు), ఎడమ రెండో సందు, ఎడమ మూడో సందు, రొమ్ముటెముక ఎడమ అంచు కింద, ఏపెక్స్. ఆరోది ఎడమపక్కకి ఒత్తిగిల్లి పడుకోబెట్టి ఏపెక్స్ దగ్గర మళ్లీ. ఏడోది కూర్చోబెట్టి ముందుకు వంచి, గాలి వదిలేసి ఊపిరి బిగబట్టించి ఎడమ మూడో సందులో. మైట్రల్ స్టెనోసిస్‌కి ఆరోది, అయోర్టిక్ రిగర్జిటేషన్‌కి ఏడోది ప్రాణం. ఒత్తిడి ఎక్కువైందని దాటేసేవీ ఈ రెండే. అందుకని కార్డులో వాటిని ఎర్రరంగులో వేయించాం.

ఊపిరితిత్తులకి "నోరు తెరిచి గాలి నిండుగా పీల్చి వదలండమ్మా, మూలగకండి" అని చెప్పాలి. ముక్కుతో పీలిస్తే ముక్కు చప్పుడే వస్తుంది. 15 సెకన్లలో నాలుగు ఊపిరులు పడితే బాగు. ముసలివాళ్లకి అన్ని చోట్లా వరసగా చేయిస్తే కళ్లు తిరుగుతాయి, "పెద్దాయనా, కాసేపు ఆగుదాం" అని మధ్యలో ఆపాలి.

నాడి తప్పుతోందనిపిస్తే ఏపెక్స్ దగ్గర 15 కాదు, 30 సెకన్లు.

కార్డులో చివరిది బాగా పనికొస్తున్న చిట్కా: రికార్డు మొదలవగానే చెస్ట్ పీస్ వెనక వేలితో స్థానం సంఖ్య ప్రకారం తట్టడం. ఒకటో స్థానానికి ఒక తట్టు, ఐదుకి ఐదు. ఫైలు పేరు తారుమారైనా లోపలి తట్లు అబద్ధం చెప్పవు. తట్లు లేని ఫైళ్లలో గుండె వరసనే చూసుకోవాలి: మామూలుగా పై స్థానాల్లో ఎస్2 గట్టిగా, ఏపెక్స్ దగ్గర ఎస్1 గట్టిగా ఉంటుంది. ఏపెక్స్ అని రాసిన దాంట్లో ఎస్2 దంచుతుంటే లేబుల్ మీద అనుమానం పెట్టుకోవాలి.

వినే వరస

కేసు వివరాలు చదవకుండా మొదటిసారి వినాలి. ఆయాసం, కాళ్లవాపులు అని ముందే చదివితే బేసల్ క్రెప్స్ (ఊపిరితిత్తుల అడుగున చిటపటలు) లేని చోట కూడా వినబడతాయి. పరికరం యాప్ మర్మర్ అనుమానం అని జెండా ఎత్తే రకమైతే దాన్నీ మొదటి వినికిడి అయ్యేదాకా దాచెయ్యాలి.

మొదట తేల్చాల్సింది నాణ్యత. మూడే గడులు: వినదగింది, కొంతవరకే, పనికిరాదు. పనికిరాదు అంటే కారణం, మళ్లీ ఎలా తీయాలో ఒక వాక్యం తప్పనిసరి. ఈ గడి వాడటానికి వినేవాళ్లు మొహమాటపడతారు, అటువైపు ఎవరో కష్టపడి తీశారు కదా అని. అందుకే ఫారమ్‌లో దీన్నే మొదటి ప్రశ్నగా పెట్టాం, ఇది నింపకపోతే తర్వాతి గడులు తెరుచుకోవు. 2020 మార్చి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఉన్న సమాచారం చాలకపోతే రోగిని నేరుగా రమ్మనే అధికారం డాక్టరుకే ఇచ్చాయి.

తర్వాత ఎస్1 ఏదో, ఎస్2 ఏదో తేల్చుకోవడం. నాడి 70, 80 ఉన్నప్పుడు చిన్న సందు సిస్టోల్, పెద్దది డయాస్టోల్ (గుండె వదులయ్యే దశ). నాడి 120 దాటాక రెండూ ఒకేలా అవుతాయి, వట్టి చప్పుడు మీద ఆధారపడి ఇది సిస్టోలిక్, ఇది డయాస్టోలిక్ అని చెప్పడం జూదమే. అలాంటి ఫైలుకి "మర్మర్ ఉంది, కాలం తేల్చలేం" అని రాయడమే నిజాయితీ. మెడనాడి పట్టుకుని, నాడి కొట్టిన ప్రతిసారీ ఏఎన్ఎం నోటితో "టక్" అంటూ ఇంకోటి తీయించొచ్చు. మొరటు పద్ధతే కానీ పనిచేస్తుంది.

ఆ తర్వాత సిస్టోల్ ఒక్కదాన్నే, డయాస్టోల్ ఒక్కదాన్నే విడివిడిగా వినాలి. అన్నీ ఒకేసారి వినబోతే గట్టిగా ఉన్నదే వినబడుతుంది.

స్పీడు తగ్గించి వినేటప్పుడు జాగ్రత్త. మామూలుగా సగం స్పీడుకి దించితే శ్రుతి కూడా సగమవుతుంది, 60 హెర్ట్జ్ రంబుల్ 30 దగ్గరికి జారి చెవికి అందకుండా పోతుంది. టెంపో మాత్రమే మార్చాలి, పిచ్ మార్చకూడదు. తక్కువ శ్రుతి రంబుల్ అనుమానమైతే తిరగేసి చెయ్యొచ్చు: పిచ్‌ని రెట్టింపు చేసి వింటే చీకట్లో ఉన్నది వెలుగులోకి వస్తుంది. ఇది అనుమానం నివృత్తికే, రిపోర్టు అసలు ఫైలు మీదే.

ఒక ఏపెక్స్ ఫైలు దగ్గరగా

కీళ్లవాత గుండెజబ్బులో ఎడమపక్కకి ఒత్తిగిల్లి తీసిన ఏపెక్స్ రికార్డింగు ఎలా ఉంటుందో నమూనాగా: ఎస్1 నుంచి ఎస్1కి 0.77 సెకన్లు, అంటే నాడి 78. ఎస్1 చప్పట్లా గట్టిగా. ఎస్2 తర్వాత ఇంకో చిన్న టక్కుమనే చప్పుడు. అసలు పరీక్ష ఇక్కడే. అది ఎస్2 చీలికా (రెండు కవాటాలు ఒకదాని వెంట ఒకటి మూసుకోవడం), ఓపెనింగ్ స్నాపా (ఇరుకైన మైట్రల్ కవాటం తెరుచుకునే చప్పుడు), ఎస్3నా? వేవ్‌ఫామ్ పెద్దది చేసి దూరం కొలవాలి. 280 శాంపిళ్లు వస్తే 70 మిల్లీసెకన్లు. ఎస్2 చీలిక మామూలుగా 30 నుంచి 60 లోపు, ఎడమ రెండో సందులో బాగా వినబడుతుంది, ఊపిరి పీల్చినప్పుడు వెడల్పవుతుంది. ఎస్3 దాదాపు 120 నుంచి 180 మధ్య, మొద్దుగా ఉంటుంది. 70 దగ్గర, పదునుగా, ఏపెక్స్‌కి కొంచెం లోపలి వైపు గట్టిగా ఉంటే ఓపెనింగ్ స్నాప్ వైపే మొగ్గాలి. దాని వెనకే డయాస్టోల్ పొడవునా గరగర ఉంటే ఇక టూడీ ఎకోకి (గుండె స్కానుకి) పంపడమే. ఎస్2కీ స్నాప్‌కీ దూరం తగ్గేకొద్దీ కవాటం ఎక్కువ ఇరుకైనట్టు. అయితే రిపోర్టులో దూరం మాత్రమే రాయాలి, తీవ్రత ఎకో చెప్పాలి.

తెర మీద

స్పెక్ట్రోగ్రామ్ పై హద్దు 1,000 హెర్ట్జ్. విండో సైజు (ఒక్కసారికి లెక్కలోకి తీసుకునే శాంపిళ్ల సంఖ్య) ఒక్కటే పెట్టుకుని అన్నీ చూడలేం. 4,000 శాంపిళ్ల ఫైలులో 256 విండో అంటే 64 మిల్లీసెకన్లు: పిల్లికూతలు ఇందులో చక్కగా అడ్డగీతల్లా కనిపిస్తాయి, కానీ ఎస్2 చీలిక అలుక్కుపోతుంది. 64 విండో అంటే 16 మిల్లీసెకన్లు: క్రెప్స్ నిలువుగీతల్లా విడివిడిగా కనబడతాయి, ఫ్రీక్వెన్సీ మాత్రం 62 హెర్ట్జ్ వెడల్పున మసకబారుతుంది. రెండూ మార్చి మార్చి చూడాలి.

సన్నటి క్రెప్స్ ఒక్కోటి సుమారు 5 మిల్లీసెకన్లు, మొరటువి 15. పిల్లికూత అనాలంటే 80 మిల్లీసెకన్లకి పైగా సాగాలి.

ఆడాసిటీ నాయిస్ రిడక్షన్ జోలికి పోవద్దు. అది నాయిస్ అనుకునేది మర్మర్ కావచ్చు.

దొంగ చప్పుళ్లు

వెంట్రుకల రాపిడి అచ్చం క్రెప్స్‌లా ఉంటుంది. తేడా పట్టే దారి: నిజమైన క్రెప్స్ ప్రతి ఊపిరిలో దాదాపు ఒకే దశలో వస్తాయి, రాపిడి పీల్చినా వదిలినా, చెస్ట్ పీస్ కదిలినప్పుడల్లా వస్తుంది. తడిపి మళ్లీ తీస్తే పోతుంది. దగ్గించాక తీసిన ఫైలు కూడా ఉంటే మేలు, కఫం వల్ల వచ్చేవి చెదిరిపోతాయి.

బక్కచిక్కినవాళ్లలో పక్కటెముకల మధ్య గుంటలో చెస్ట్ పీస్ పూర్తిగా ఆనక గాలి దూరి, చప్పుడు పీలగా వస్తుంది. దాన్ని శ్వాస శబ్దాలు తగ్గాయి అని రాస్తే ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు) కోసం ఎక్స్‌రేకి పరిగెత్తిస్తాం. రెండు వైపులా ఒకే ఎత్తున పోల్చుకోకుండా తగ్గింది అనొద్దు. ఆటో గెయిన్ ఆన్‌లో ఉంటే అసలే అనొద్దు.

గెయిన్ మరీ పెంచితే వేవ్ తలలు చదునుగా తెగిపోతాయి. తెగిన ఎస్1 గరగరలాడి మర్మర్‌లా మోసం చేస్తుంది. తలలు తెగిన ఫైలు నేరుగా పనికిరాదు గడిలోకే.

గర్భిణుల్లో మెత్తటి సిస్టోలిక్ ఫ్లో మర్మర్, ఎస్3 రెండూ మామూలుగానే వినబడొచ్చు. డయాస్టోలిక్ మర్మర్ మాత్రం మామూలు కాదు, ఎకో అడగాల్సిందే.

రిపోర్టు మాటలు

మర్మర్ గ్రేడు గడి ఫారమ్‌లోంచి తీసేశాం. 1933 నాటి లెవిన్ ఆరు మెట్ల కొలత చెవికి సహజంగా వినబడే గట్టితనం మీద, నాలుగు నుంచి పైన చేతికి తగిలే థ్రిల్ (ప్రకంపన) మీద నిలబడింది. వాల్యూమ్ మన చేతిలో ఉన్నప్పుడు గ్రేడుకి అర్థం లేదు. దాని బదులు ఎస్1తో పోలిస్తే తక్కువా, సమానమా, ఎక్కువా అని మూడు మాటలు. థ్రిల్ ఉందో లేదో అక్కడివాళ్లు చేత్తో చూసి రాయాలి.

"గుండె మామూలుగా ఉంది" అని రాయం. "ఈ రికార్డింగుల్లో మర్మర్ వినబడలేదు" అని, ఏ ఏ స్థానాలు అందలేదో దాని పక్కనే రాస్తాం.

ఫైలు కోసం ఆగకూడని కేసులు ఫారమ్ పైనే ముద్రించాం: స్ట్రైడర్ (గొంతు దగ్గర గాలి అడ్డుపడి వచ్చే కూత), ఆక్సిజన్ 90 శాతం కంటే తక్కువ, పెదాలు నీలం, పాలు తాగలేని బిడ్డ. పిల్లల్లో ఊపిరి లెక్క రికార్డింగు కంటే ముందు: రెండు నెలల లోపు నిమిషానికి 60, రెండు నుంచి 11 నెలల దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. అంతకు చేరినా దాటినా వేగమే. ఉబ్బసం రోగి ఊపిరికి కొట్టుకుంటుంటే, ఫైలులో పిల్లికూతలు లేవు, ప్రశాంతంగా ఉంది అనిపిస్తే, అది అన్నిటికంటే చెడ్డ రికార్డింగు. గాలి ఆడటం లేదు కాబట్టే కూత లేదు. ఫోన్ చేసి 108 పిలిపించాలి, రిపోర్టు తర్వాత.

ఇద్దరు వింటే

కొన్ని ఫైళ్లని ఇద్దరు డాక్టర్లు ఒకరికి తెలియకుండా ఒకరు వింటారు. మధ్యలో పాత ఫైళ్లు కొన్ని కొత్త సంఖ్యలతో దూరుస్తాం, తమతో తామే ఎంత ఏకీభవిస్తారో తెలియడానికి. శాతం చూసి మురిసిపోకూడదు. ఉదాహరణకి వంద ఫైళ్లలో ఇద్దరూ ఇరవయ్యేసి చోట్ల మర్మర్ ఉందన్నారనుకుందాం, 84 ఫైళ్లలో మాట కలిసింది. వినకుండా గుడ్డిగా గీసినా 68 కలుస్తాయి. కాబట్టి కాపా, అంటే గుడ్డిగా కలిసేవి తీసేశాక మిగిలే ఏకీభావం, (0.84 − 0.68) ÷ (1 − 0.68) = 0.5. అంటే ఓ మోస్తరు. ఎక్కడ తేడా వచ్చిందో ఆ ఫైళ్లు పక్కపక్కన కూర్చుని వినడమే అసలు శిక్షణ.

చెవి తయారీకి బయటి ఫైళ్లూ వాడుతున్నాం. ఊపిరితిత్తులకి ఐసీబీహెచ్ఐ 2017 అనే సదస్సు సెట్టు, 126 మంది నుంచి 920 రికార్డింగులు. గుండెకి ఈశాన్య బ్రెజిల్‌లో ఎక్కువగా పిల్లల నుంచి తీసిన సర్‌కార్ డిజిస్కోప్ సెట్టు, ఇదీ 4,000 శాంపిళ్లదే కాబట్టి మన ఫైళ్లతో పోల్చడం తేలిక.

పెండింగ్

పిల్లల చెస్ట్ పీస్ ఇంకా రాలేదు. పెద్దది పసిబిడ్డ ఛాతీ మీద గుండెనీ ఊపిరినీ కలిపేస్తోంది, అందాకా ఏడాది లోపు పిల్లల గుండె ఫైళ్లకి కొంతవరకే అనే గడి దాటి పైకి వెళ్లం. రేకుల కప్పున్న కేంద్రాల్లో వానాకాలం ఫైళ్లు మొత్తం హోరు. చెస్ట్ పీస్ మీద మడతపెట్టిన టవలు కప్పితే ఎంత తగ్గుతుందో, కప్పినదీ కప్పనిదీ జంటగా తీయించి చూడాలి. నాడి వేగంగా ఉన్న కేసులకి ఒక లీడ్ ఈసీజీ కూడా పట్టే స్టెత్ ఒకటి అరువు అడిగాం. అది వస్తే ఏఎన్ఎం నోటితో "టక్" అనే పని తప్పుతుంది. అయితే ఈసీజీ, శబ్దం రెండూ ఒకే గడియారం మీద రికార్డవుతున్నాయో లేదో ముందు తట్టి చూడాలి: చెస్ట్ పీస్‌ని వేలితో తడితే రెండు గీతల్లోనూ ఒకే క్షణంలో గుర్తు పడాలి.